కాళ్ళతో వాయించే పెట్టె

ఆర్గన్ మూత తాళం తీసి పైకెత్తగానే లోపలి నుంచి ఒక వాసన వస్తుంది. పాత చెక్కా, తిత్తులకి వేసిన గొర్రె తోలూ, ఎవరో ముసలాయన ఏళ్ళ క్రితం రుద్దిపోయిన మైనమూ, వీటన్నిటి మీదా పురుగు పట్టకుండా మూలల్లో పడేసిన కలరా ఉండలూ కలిసి, పట్టుచీరల పెట్టెలో ఎవరో గుర్రపు జీను దాచినట్టుండే వాసన. ఏ చర్చిలో ఏ ఆర్గన్ ముందు కూర్చున్నా ముందొకసారి గట్టిగా ఊపిరి పీల్చి ఆ తర్వాతే మెట్ల మీద చేతులు పెట్టడం చిన్నప్పటి నుంచీ నాకలవాటు. ఇప్పటికీ పీలుస్తున్నాను. కాకపోతే పోయిన చలికాలం అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ వాసన ముక్కు దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. బాధగా ఉందా అంటే బాధ కూడా ఏమీ లేదు. పంటి డాక్టరు దగ్గర సూది వేయించుకుని వచ్చి కాఫీ తాగితే, కాఫీ వేడిగా ఉందని తెలుస్తుంది గానీ పెదవి మనది కాదన్నట్టు ఉంటుంది చూడండి, అలా ఉంటోంది.

వారమంతా సిడ్నీలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. ఇల్లు ఎడ్మండ్‌సన్ పార్కు అనే శివారు పేటలో. ఆదివారాలు మాత్రం, ఏ చర్చిలోనైనా ఆర్గన్ వాయించే మనిషికి జ్వరమొచ్చినా, సెలవు మీద ఊరెళ్ళినా, వాళ్ళ బదులు నేను వెళ్ళి వాయించి వస్తాను. మా వీధి తెలుగువాళ్ళకి ఇదో వింత. వరలక్ష్మీవ్రతం పేరంటానికి వెళితే, తాంబూలం చేతిలో పెడుతూనే ఒక ఆంటీ గొంతు తగ్గించి, "ఏమ్మా, మీరు కన్వర్ట్ అయ్యారా?" అని అడుగుతుంది. లేదాంటీ, వెళ్ళేది ఆర్గన్ కోసమే అంటే, ఆవిడ నమ్మినట్టు తలూపి, పక్కావిడ వంక చూస్తుంది. చర్చి వాళ్ళ ప్రశ్న ఇంకోరకం. ప్రార్థన అయ్యాక టీ తాగుతూ, ఇన్ని చోట్ల వాయించావు కదా, నీకు బాగా ఇష్టమైన ఆర్గన్ ఏది అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఎవరు అడిగితే వాళ్ళ చర్చిదే చెప్పేస్తాను. ఒకరి మనసు కష్టపెట్టడం ఎందుకు. నిజం చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

సిడ్నీ నుంచి పడమరగా, నీలి కొండలు ఎక్కి దిగి, ఒక పూటంతా కారులో పోతే వచ్చే గోధుమల ఊరు మాది. నాన్న అక్కడి చిన్న ఆసుపత్రికి డాక్టరు. ఊరందరికీ ఆయన 'డాక్'. మొత్తం ఊళ్ళో తెలుగు మాట్లాడే నోళ్ళు మూడే, ఆ మూడూ మా ఇంట్లోవే. ఇంటికి ఒక పక్క ఆసుపత్రి, ఎదురుగా రోడ్డుకి అవతల ఇసుకరాతి చర్చి, దాని వెనక రైలు పట్టాలు, పట్టాల పక్కన ఆకాశానికి అంటుకున్నట్టు గోధుమ నిలవచేసే తెల్లటి గాదెలు. ఎండాకాలం సాయంత్రాల్లో గులాబి రంగు రామచిలకలు వందల కొద్దీ వచ్చి, లారీల నుంచి రాలిన గింజల మీద వాలి, సంతలో బేరం ఆడుతున్నట్టు అరిచేవి. దీపావళి సరిగ్గా గోధుమ పండి ఎండిపోయే రోజుల్లో వచ్చేది. నిప్పురవ్వ పడితే చేలకి చేలే తగలబడిపోతాయని అగ్గిపుల్ల గీయడం కూడా నిషేధం కాబట్టి, నేను పెద్దయ్యేదాకా కాకరపువ్వొత్తి వెలిగించి ఎరగను. స్నానాల గదిలో, తొట్టెలో నీళ్ళు నింపి, దాని గట్టు మీద అమ్మ ప్రమిదలు పెట్టేది. నాకు దీపావళి అంటే తెల్లటి పింగాణీ, నీళ్ళలో వణికే దీపాలు, షాంపూ వాసన.

ఆ చర్చిలో ఆర్గన్ వాయించే మార్గరెట్ ఆంటీ, వేళ్ళ కీళ్ళు వాచి, నాన్న దగ్గరికి వైద్యానికి వచ్చేది. పొడుగాటి మనిషి, గొర్రెల పెంపకం వాళ్ళావిడ, చెప్పుల బదులు ఎప్పుడూ బురద బూట్లు. ఇక ఎంతో కాలం వాయించలేవని నాన్న చెప్పిన రోజున ఆవిడ ఏడవలేదట. మీ అమ్మాయి వేళ్ళు పొడుగ్గా ఉంటాయి, నాకివ్వు డాక్, అందట. నాన్న అక్కడికక్కడే సరేనన్నాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఆ సంగతి చెబితే, అమ్మ పప్పు తిరగమోత ఆపి, "నన్నడగరాండీ?" అంది. "హార్మోనీ లాంటిదేనే, కాస్త పెద్దది," అన్నాడు నాన్న. హార్మోనీ అన్న మాటకి అమ్మ మొహం ఎందుకు అలా వాడిపోయిందో నాకప్పుడు తెలీదు. సంగీతం మాస్టారి కూతురు కదా, నాకు వీణో పాటో నేర్పించాలని ఉండి ఉంటుందనుకున్నాను.

కాస్త పెద్దది అన్నాడు గానీ, ఆర్గన్ అంటే గోడంత హార్మోనియం. లోపల మోటారు తిత్తుల్లోకి గాలి నింపుతుంది, ఆ గాలి సీసపు గొట్టాల్లోంచీ చెక్క గొట్టాల్లోంచీ వెళ్ళి పలుకుతుంది. చిటికెన వేలంత గొట్టం నుంచి తాటి దూలమంత గొట్టం దాకా ఉంటాయి. మా ఊరి ఆర్గన్ పెద్దదేం కాదు. చేతులకి రెండు వరసల మెట్లు, వాటి పక్కన లాగితే గొంతు మారే చెక్క గుబ్బలు, ఆ గుబ్బల మీద ఇంకు వెలిసిపోయిన పాత అక్షరాలు. మెట్ల మీది ఏనుగు దంతం పెచ్చులు కొన్ని ఊడిపోతే మార్గరెట్ ఆంటీ వాటి చోట ఐస్‌క్రీం డబ్బా మూత కత్తిరించి అంటించింది. జనవరి ఎండకి చర్చి లోపల ఇటుకల బట్టీలా కాగేది. వేడికి మామూలు గొట్టాల స్వరం పైకి లేస్తుంది, లోపల ఇత్తడి రేకు నాలుక ఉన్న గొట్టాలు మాత్రం మొండికేసి ఉన్నచోటే ఉంటాయి. రెండూ కలిపి వాయిస్తే అత్తాకోడళ్ళు ఒకేసారి మాట్లాడినట్టుండేది. ఎలకలు విరగబడ్డ ఏడు అవి తిత్తుల తోలు కొరికేస్తే, ఒక స్వరం పట్టుకుని ప్రార్థన అయిపోయేదాకా ఆగకుండా మోగింది. ఫాదర్ గారు దాని మీదే గొంతు పెంచి ప్రసంగం పూర్తి చేశారు. ఆ తర్వాత ఎన్నో గొప్ప ఆర్గన్లు వాయించాను కానీ, వాటిలో ఒక్కటి కూడా నన్ను అంత నవ్వించలేదు.

మొదటి ఏడాది అంతా చేతులతోనే వాయించాను. కాళ్ళు బెంచీ కింద ఊగుతూ ఉండేవి. అమ్మ కూడా ఆ ఏడాది బాగానే ఉంది. చర్చి వాళ్ళ సంతకి జంతికలు చుట్టి ఇచ్చేది. ఆ ఊరి రైతులు వాటికి 'కర్లీ చిప్స్' అని పేరు పెట్టుకుని, బీరుతో నంజుకోవడానికి బాగుంటాయని గంటలో ఊడ్చేసేవాళ్ళు. అక్కడి ఆడవాళ్ళు కొబ్బరి తురుములో దొర్లించిన చాక్లెట్ కేకులూ, స్కోన్‌లనే వేడి వేడి చిన్న బన్నుల మీద జామూ మీగడా పెట్టి ఇచ్చేవాళ్ళు. అమ్మ ఆ మీగడ పక్కకి తీసి, స్కోన్‌ని ఇంటికి తెచ్చుకుని, నిమ్మకాయ ఊరగాయ రాసుకు తినేది.

కాళ్ళు కిందికి అందేంత పొడుగయ్యాను. అప్పుడు మొదలైంది గొడవ. ఆర్గన్‌కి బెంచీ కింద ఇంకో వరస మెట్లుంటాయి, ఒక్కొక్కటీ తెడ్డంత ఉండే చెక్క మెట్లు. వాటిని పాదాలతో తొక్కి వాయించాలి. అడుగు స్వరాలన్నీ అక్కడే. ఆ స్వరాలు చెవికి వినపడేదానికన్నా ముందు బెంచీకి తెలుస్తాయి, గోధుమ లారీ పోతే కిటికీ అద్దాలు అదిరినట్టు పొట్టలో ఒక అదురు. మొదటిసారి ఆ అదురు తెలిసిన రోజు ఇంటికి పరిగెత్తుకెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ మరచెంబు కింద పెట్టింది. "సరస్వతిని కాలితో తొక్కావా?" అంది.

మా ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే వెంటనే వంగి దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. పెన్సిలుకి తగిలినా అంతే. వాద్యమైతే చెప్పనే అక్కర్లేదు. నాన్న సర్దిచెప్పబోయాడు. పియానోకి కూడా కాలితో తొక్కేది ఉంటుందిగా అన్నాడు. "అది స్వరం పలకదుగా," అంది అమ్మ. రోజూ నువ్వు కుట్టుమిషను తొక్కట్లేదా అన్నాడు. "అది పాడుతుందా?" అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఎవరేం చేస్తారు. సంగతి తెలిసి మార్గరెట్ ఆంటీ స్వయంగా స్కోన్‌ల పళ్ళెంతో మా ఇంటికొచ్చింది. గుమ్మం బయట బూట్లు విప్పి, చిల్లు పడ్డ మేజోళ్ళతో వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అమ్మ ఇచ్చిన ఫిల్టర్ కాఫీ తాగి, ఆర్గన్‌లో సగం కాళ్ళలోనే ఉందని చెప్పింది. "హాండ్స్, ఓకే. లెగ్స్, నో," అంది అమ్మ. ఆ రెండు ముక్కలు మించి ఆవిడ ఎంత అడిగినా అమ్మ ఇంకేమీ చెప్పలేదు. పాపం మార్గరెట్ ఆంటీ, నా మోకాళ్ళకేదో జబ్బుందనుకుని, మర్నాడు నాన్నని ఆసుపత్రిలో మెల్లిగా వాకబు చేసింది.

చివరికి నాన్న మధ్యవర్తిత్వంతో ఒక ఒప్పందం కుదిరింది. అందరూ వాయించేటప్పుడు వేసుకునే సన్నటి తోలు బూట్లు నేను వేసుకోకూడదు, గుళ్ళోకి వెళ్ళినట్టు వట్టి కాళ్ళతోనే తొక్కాలి. తొక్కే ముందు వంగి కింది మెట్లు ముట్టుకుని కళ్ళకద్దుకుని క్షమించమని చెప్పుకోవాలి. అయిపోయాక మళ్ళీ. మూడోది అమ్మ నా వంక చూడకుండా చెప్పింది, "నా కళ్ళ ముందు మాత్రం వద్దు." అప్పటి నుంచీ ప్రతి ఆదివారం నేను బెంచీ ఎక్కే ముందు వంగి మెట్లు కళ్ళకద్దుకుంటుంటే, ఇంత భక్తి ఈ ఊరి పిల్లలకెవరికీ లేదని ముసలివాళ్ళు మురిసిపోయారు. మార్గరెట్ ఆంటీ దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలు నేర్చుకునేవాళ్ళు. అలా వంగడం పాఠంలో భాగమే అనుకుని వాళ్ళూ మొదలుపెట్టారు. బంగారు రంగు జుట్టున్న గొర్రెల కాపరి పిల్లలు సరస్వతీదేవికి క్షమాపణ చెప్పి మరీ యేసుప్రభువు పాటలు వాయించారు. ఇప్పటికీ అటువైపు ఎవరైనా ఆర్గన్ వాయించే ముందు వంగి మెట్లు ముట్టుకుంటే, అది అమ్మ చలవే.

ఒప్పందంలో మూడో షరతే నాకు ముల్లులా గుచ్చుకునేది. అమ్మ చర్చికి పూలు ఇచ్చేది, జంతికలు ఇచ్చేది, నన్ను గుమ్మం దాకా దింపేది. నేను బెంచీ వైపు నడవగానే వెనక్కి తిరిగి రోడ్డు దాటి ఇంటికి వెళ్ళిపోయేది. కిటికీలు కూడా వేసేసేది. మిగతా పిల్లల అమ్మలు మొదటి వరసలో కూర్చుని, వాళ్ళ పిల్లలు తప్పులు వాయించినా కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నేను ఎంత బాగా వాయించినా మా అమ్మ వినదు. అందరూ మెచ్చుకుంటుంటే నాకు పైకి నవ్వూ లోపల కోపమూ వచ్చేవి. ఒక్కసారి వచ్చి కూర్చుని వినాలి, ఒకే ఒక్కసారి. చిన్నప్పుడు నేను దేవుణ్ణి అడిగిన కోరికల్లో బొమ్మలూ సైకిళ్ళూ ఎన్నో మారాయి గానీ, అదొక్కటీ మారలేదు.

బడి సెలవుల్లో మార్గరెట్ ఆంటీ తన పాత బండిలో, వెనక కుక్కనెక్కించుకుని, నన్ను చుట్టుపక్కల ఊళ్ళ ఆర్గన్ల దగ్గరికి తిప్పేది. ద్రాక్ష తోటల మధ్య ఎప్పుడో జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న చర్చిలో ఒకటి ఉండేది. దాని గొంతు నువ్వుల నూనెలా చిక్కగా ఉండేది, ఒక మెట్టు మాత్రం వాన కురిసిన రోజే పలికేది. రైలు స్టేషను పక్కన ఉన్న ఇంకో దాని మీద వాయిస్తుంటే, సరుకుల రైలు వచ్చినప్పుడల్లా గొట్టాలన్నీ గుసగుసలాడేవి. ఆవిడ అక్కడ రైలు పోయేదాకా చేతులెత్తి పట్టుకుని ఆగి, మళ్ళీ వదిలిన చోటి నుంచి అందుకునేది. సమాధుల మధ్య ఉన్న చిన్న చర్చిలో మోటారు పాడైతే, కర్ర పిడితో తిత్తులు నేనే ఊదాను. ఎక్కడికి వెళ్ళినా ఒక సంగతి గమనించేదాన్ని. వాయించే మనిషి కాళ్ళు కూర్చున్నవాళ్ళకి కనపడతాయా లేదా అని. చిన్న చర్చిల్లో ఆర్గన్ పక్కనే ఉంటుంది కాబట్టి అంతా కనపడేది.

అందుకే సిడ్నీ కెథడ్రల్ సంగతి తెలిసినప్పుడు నాకు లడ్డూ దొరికినట్టయింది. బడి చివరి ఏడాది, రాష్ట్రమంతటి నుంచీ ఏరిన పిల్లల చేత అక్కడ వాయింపిస్తారు. మార్గరెట్ ఆంటీ నా పేరు పంపింది, వాళ్ళు రమ్మన్నారు. అక్కడ ఆర్గన్ వెనక వైపు, పై అంతస్తులో ఉంటుంది. జనం అందరూ ముందుకి తిరిగి, దానికి వీపు పెట్టి కూర్చుంటారు. వాయించే మనిషి గోరు కూడా కనపడదు. ఇంటికొచ్చి అమ్మకి అదే చెప్పాను. నువ్వు నన్ను చూడక్కర్లేదు, చూద్దామన్నా కుదరదు, ముందుకి తిరిగి కూర్చుని వింటే చాలు. మూడోరోజు అమ్మ ఉప్పాడ చీర ఇస్త్రీ చేస్తూ, "అసలు కనపడవా?" అంది. అసలు కనపడనన్నాను.

ముందురోజే సిడ్నీ చేరి, శనివారం పొద్దున్నే హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళి వేంకటేశ్వరుడి దర్శనం చేసుకున్నాం. అమ్మ డిక్కీలో తెచ్చిన పులిహోర పార్కింగ్ లాట్‌లో కారు పక్కన నిలబడి తిన్నాం. మధ్యాహ్నానికి కెథడ్రల్ చేరాం. లోపల చల్లగా, పాతాళంలోకి దిగినట్టుంది. అమ్మా నాన్నా ముందు వరసల్లో కూర్చున్నారు. నేను మెలికల మెట్లెక్కి పైకి వెళ్ళాను. ఆర్గన్‌కి చేతులవే నాలుగు వరసల మెట్లు, చెక్క గుబ్బలు లెక్కలేనన్ని. అంత పెద్ద దాన్ని అంతకు ముందు ముట్టుకోలేదు. మూత తెరిచినప్పుడు వచ్చింది మాత్రం మా ఊరి వాసనే. వట్టి కాళ్ళతో వంగి, ముట్టుకుని కళ్ళకద్దుకుని, బెంచీ ఎక్కాను. కాళ్ళకే ఎక్కువ పనుండే రచన అది. మొదటి అడుగు స్వరం తొక్కగానే, నేను వాయించింది నాకు వినపడే లోపల ఆ గోపురమంతా తిరిగి వచ్చింది.

వెనక వైపు వాయించే మనిషికి ముందు ఏం జరుగుతోందో తెలియాలి కాబట్టి ఆర్గన్ పైన ఒక అద్దం బిగిస్తారు. పాట మధ్యలో నా కళ్ళు ఒకసారి అద్దంలోకి వెళ్ళాయి. ముందు, వేదిక పక్కన, ఒక పెద్ద తెల్ల తెర. తెర మీద రెండు పాదాలు. వట్టి పాదాలు, గోడంత పాదాలు, మెట్ల మీద అటూ ఇటూ నడుస్తున్నాయి. నా కుడి కాలు కదిపితే అక్కడ కదిలింది. అప్పుడు తెలిసింది, బెంచీ పక్కన నా కాళ్ళ వైపు ఎవరో బిగించిన చిన్న నల్ల డబ్బా కెమెరా అని. వెనక కూర్చుని వాయించే తమ పిల్లల్ని తల్లిదండ్రులు పాపం చూసుకోలేకపోతున్నారని, ఆ ఏడాదే నిర్వాహకులు కొత్తగా పెట్టించారట. ఆ పాదాల కింద, తెరకి ఎదురుగా, ఉప్పాడ చీర కొంగు కప్పుకున్న అమ్మ తల. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు వెళ్ళిపోతుంది అనుకుంటూనే వాయించాను. ఆపుదామని కూడా అనుకున్నాను. కాళ్ళు ఆగలేదు, వాటికి పాట వచ్చు. అమ్మ తల కిందికి వంగలేదు, పక్కకి తిరగలేదు. చివరి స్వరం పోయి, చప్పట్లు అయి, తెర మీద ఇంకెవరివో బూట్లు వచ్చేదాకా అమ్మ అలాగే పైకి చూస్తూ ఉండిపోయింది.

అయిపోగానే ఇంటికి బయల్దేరాం. బాగా వాయించావమ్మలూ అని నాన్న ఒకసారి అన్నాడు. కొండలు దిగాక ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపి ఆయన లోపలికి వెళ్ళాడు. అద్దాలకి ఆవిరి పట్టింది. అమ్మ ముందు సీట్లో నుంచి వెనక్కి తిరక్కుండానే, "అచ్చం మా నాన్న కాళ్ళేనే అయ్యి," అంది.

ఎవరి కాళ్ళన్నాను.

"నీ కాళ్ళే. ఆ రెండో వేలు బొటనేలు కన్నా పొడుగు. తొక్కేటప్పుడు అది పైకి లేస్తది. అట్టాగే లేచేది ఆయనకి."

తాతయ్య సంగీతం మాస్టారు కదా, కాళ్ళతో ఆయనకేం పనని అడిగాను.

"సంగీతం మాస్టారేందే. నాటకాలోళ్ళ కాడ హార్మోనీ వాయించేవాడు. కాళ్ళతో తొక్కే పెట్టె. తెల్లార్లూ పద్యాలు, వన్స్‌మోర్లు. నన్ను పందిట్లో ముందు చాప మీద కూచోబెట్టేవాడు. ఆడ కూచుంటే పెట్టె అడ్డమొచ్చి ఆయన మొహం కనపడేది కాదు నాకు. కాళ్ళే కనపడేయి. అయ్యి చూస్తా చూస్తా నిద్దరపోయేదాన్ని." చేత్తో అద్దం మీది ఆవిరి తుడుస్తూ మళ్ళీ అంది. "నాటకాలోడి పిల్లని డాక్టరు కొడుక్కి చేసుకుంటారా ఎవరన్నా? అందుకని సంగీతం మాస్టారన్నారు. నేనూ అదే అన్నా. మీ నాన్నకి చెప్పమాక."

నాతో ఎప్పుడూ ఆచితూచి మాట్లాడే అమ్మ, ఆ కాసేపు నేనెరగని ఊరి మాట మాట్లాడింది. మళ్ళీ వస్తావా అమ్మా వినడానికి అని అడిగాను. "చూశాగా. చాల్లే," అంది. ఈలోపల నాన్న వేడి వేడి చిప్స్ పొట్లంతో వచ్చి తలుపు తీశాడు. ఉప్పూ వెనిగరు వాసన కారంతా నిండింది. అమ్మ ఒక చిప్ తీసుకుని, కారం లేదని సణిగింది. ఆ మాట మళ్ళీ మా మధ్య ఎప్పుడూ రాలేదు. అమ్మ మళ్ళీ ఎప్పుడూ వినడానికి రానూ లేదు.

సరస్వతి పేరు చెప్పి అమ్మ నా కాళ్ళు చూడకుండా తప్పుకున్నది దేవత కోసమో, దాచిన తండ్రి కోసమో నాకు తెలియదు. రెండూ అయ్యుంటాయి. అమ్మ మనసులో అవి వేరువేరుగా ఉండి ఉండవు.

ఇప్పుడు ఆ ఊళ్ళో మా చర్చి లేదు. గోడలున్నాయి కానీ, వచ్చేవాళ్ళు లేక అమ్మేస్తే ఎవరో కొనుక్కుని ఇల్లు చేసుకున్నారు. ఆర్గన్ ఉన్నచోట ఫ్రిజ్ ఉందట. గొట్టాలన్నీ విప్పి, దుప్పట్లలో చుట్టి, ఎక్కడో దూరాన ఒక బడికి పంపారు. మార్గరెట్ ఆంటీ పోయింది, ఆవిడ అంత్యక్రియలకి నేనే వాయించాను, వట్టి కాళ్ళతో. జర్మన్ల చర్చిలో ఆ వానమెట్టుని బాగుచేసేశారు, ఇప్పుడు రోజూ పలుకుతోంది. గోధుమ గాదెల మీద ఎవరో చిత్రకారులు పెద్ద పెద్ద బొమ్మలు వేశారని, వాటిని చూడటానికి జనం వస్తున్నారని విన్నాను. నాన్న రిటైరయ్యాక అమ్మా ఆయనా మా ఇంటికే వచ్చేశారు. మా పెరట్లో అమ్మ వేసిన గోంగూర ఇంకా ఉంది. మా అమ్మాయి దాన్ని కోసి తెచ్చి, "అమ్మమ్మాస్ ప్లాంట్ ఈజ్ స్టిల్ గోయింగ్, మమ్," అంటుంది.

అమ్మ పోయినప్పుడు ఫ్యునరల్ హోమ్ వాళ్ళు ఒక చల్లటి గదిలో మాకు కాస్త సమయం ఇచ్చారు. పుణ్యస్త్రీ కదా, కాళ్ళకి పసుపు రాయమ్మా అని ఆంటీలు గిన్నె నా చేతికిచ్చారు. రాశాను. అమ్మవి బొద్దు పాదాలు, పొట్టి వేళ్ళు, అన్నీ తలలు వంచుకుని వరసగా ఉన్నాయి. అంతసేపు ఆ పాదాల్ని ఎప్పుడూ చూసి ఎరగను. నా కాళ్ళతో ఏమీ పోలిక లేదు. నా చేతుల పసుపు రెండు రోజులు వదల్లేదు. దహనం దగ్గర నాన్న వైపు కజిన్ ఒకడు ఫోన్లో విష్ణు సహస్రనామం పెట్టాడు. ఆ హాల్లో ఒక మూల కరెంటు ఆర్గన్ ఉంది, మూత వేసి ఉంది. ఎంతమంది అమ్మల అంత్యక్రియలకి వాయించానో నేను, అడుగు స్వరం తొక్కగానే వెనకాల ఎవరో ఒకరు వెక్కడం వినపడేది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఆదివారం వెళ్తాను, వాయిస్తాను, పాదాలు వాటి పని అవి చేసుకుపోతాయి, నేను కాస్త పక్కన నిలబడి చూస్తున్నట్టుంటుంది. వాయించాక వాటికేసి చూసుకుంటాను. తాతయ్య నా పుట్టుకకి ముందే పోయాడు. అమ్మమ్మా పోయింది. అమ్మకి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ లేరు. తాతయ్య ఫోటో ఉన్నది ఒకటే, అదీ గుండెల దాకానే. మా అమ్మాయివి వాళ్ళ నాన్న కాళ్ళు. ఈ వేలు ఎవరిదో చూసి చెప్పడానికి అమ్మ ఒక్కతే ఉండేది.

మొన్న మధ్యాహ్నం నాన్న పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అమ్మ చెప్పమాకన్న సంగతి చెప్పలేదు. చెప్పులు విప్పి, ఆయన ఎదురుగా గడ్డిలో నిలబడ్డాను. నాన్నా, మా తాతయ్య కాళ్ళు ఇట్టాగే ఉండేవా అని అడిగాను. నాన్న కళ్ళజోడు సర్దుకుని, ముందుకు వంగి, రోగిని పరీక్ష చేసినట్టు చాలాసేపు నా పాదాలకేసి చూశాడు. పక్కింటి గడ్డి కోసే మిషను చప్పుడు ఆగిపోయింది.

"పెళ్ళిలో నన్ను పీటల మీద కూచోబెట్టి, ఆయన నా కాళ్ళు కడిగాడమ్మా," అన్నాడు. "ఆయన కాళ్ళకేసి నేనెప్పుడు చూశాను?"